రోహిణిలో పరిచిన చెక్క నేల శ్రావణంలో ఎందుకు పొంగుతుంది?

క్లుప్తంగా: వుడెన్ ఫ్లోరింగ్ పేరుతో అమ్మేవాటిలో కొన్నిటికి పైన అసలు చెక్కే ఉండదు. పైపొరలో నిజమైన చెక్క ఎన్ని మి.మీ. ఉందన్నదే రిపేరు దారిని నిర్ణయిస్తుంది. సాండింగ్ చేసి (గరుకు కాగితంతో పైన రాసి) పాలిష్ చేస్తే సరిపోతుందా, పలకలు మార్చాల్సిందేనా అన్నది అక్కడే తేలిపోతుంది. పొంగిన నేలకు మొదట చేయాల్సిన పని తేమ కొలవడం. ఆరకముందే సాండింగ్ మెషిన్ పెడితే ఎండాకాలానికి ఇంకో కొత్త లోపం బయటపడుతుంది.

మే నెలాఖరు దాకా అద్దంలా ఉన్న చెక్క నేల ఆగస్టు వచ్చేసరికి అలలు తేలుతుంది. బాల్కనీ తలుపు దగ్గర పలకల అంచులు లేచి కాలికి తగులుతాయి. హైదరాబాద్ ఫ్లాట్లలో ఏటా వినిపించే ఫిర్యాదే ఇది. పిలిచిన మేస్త్రీలేమో తలా ఒక మాట చెబుతారు. మొత్తం పీకి కొత్తది వేయాలంటారు ఒకరు, ఒక్కరోజు సాండింగ్ కొడితే చాలంటారు ఇంకొకరు. రెండు మాటలూ కొన్ని ఇళ్ల విషయంలో నిజమే. ఏ ఇంటికి ఏది నిజమో తెలియాలంటే పలక లోపల ఏముందో, నీళ్లు ఎటునుంచి వచ్చాయో తెలియాలి.

పైకి ఒకేలా, లోపల వేరువేరు

గది గుమ్మం దగ్గర నేల మీద బిగించే అల్యూమినియం పట్టీని విప్పితే పలక కోసిన అంచు కనబడుతుంది. ఫోన్ లైటు వేసి ఆ అంచును చూస్తే చాలు, రకం తెలిసిపోతుంది. పైనుంచి అడుగుదాకా ఒకే కర్ర, ఒకే గీతలు ఉంటే సాలిడ్ వుడ్. పైన ఒక చెక్క పొర, దాని కింద అడ్డంగా నిలువుగా పేర్చిన ప్లై గీతలు ఉంటే ఇంజినీర్డ్ వుడ్. గీతలే లేని గోధుమరంగు ముద్ద మీద కాగితమంత పొర ఉంటే లామినేట్. బూడిదరంగులో, గోరుతో గీకినా గుంట పడకుండా గట్టిగా ఉంటే అది ఎస్‌పీసీ, అంటే రాతిపొడి, ప్లాస్టిక్ కలిపిన పలక.

సాలిడ్ పలక మందం సాధారణంగా 18 నుంచి 20 మి.మీ. ఉంటుంది. మన దగ్గర టేకు ఎక్కువ, దిగుమతి సరుకులో ఓక్ ఎక్కువ. పలకకు ఒక పక్క నాలుక, రెండో పక్క గాడి ఉంటాయి. నాలుక పైన మిగిలే 6 మి.మీ. చెక్కే ఆ నేలకు ఉన్న ఆస్తి. ఒక పూర్తి సాండింగ్‌లో సుమారు ముప్పావు నుంచి ఒక మి.మీ. దాకా పోతుంది. కాబట్టి జాగ్రత్తగా చేస్తే నాలుగైదు సార్లు కొత్తది చేసుకోవచ్చు. అంతకు మించితే గాడి పైపెదవి పలచబడి చీలుతుంది.

ఇంజినీర్డ్ వుడ్‌లో అసలు గందరగోళమంతా ఉంది. మొత్తం మందం 14, 15 మి.మీ. అని రాసి ఉంటుంది గానీ పైపొర 0.6 మి.మీ. కావచ్చు, 6 మి.మీ. కావచ్చు. షోరూమ్‌లో రెండూ ఒకేలా మెరుస్తాయి. పొర 4 మి.మీ. ఉంటే రెండు మూడు సార్లు, 3 మి.మీ. ఉంటే ఒకటి రెండు సార్లు సాండింగ్ తట్టుకుంటుంది. 2 మి.మీ. దాకా ఉంటే ఒక్కసారి, అదీ చేయి తిరిగినవాళ్లు చేస్తేనే. అంతకంటే పలచనిదాని మీద మెషిన్ పెట్టకూడదు, అడుగున ఉన్న ప్లై బయటపడుతుంది. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే అయినా చాలు: పైపొర ఎన్ని మి.మీ.?

లామినేట్‌లో ఉండేది చెక్క పిండిని గట్టిగా నొక్కిన హెచ్‌డీఎఫ్ బోర్డు. దాని మీద చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం, ఆపైన అరుగుదలను తట్టుకునే అల్యూమినియం ఆక్సైడ్ కలిపిన పారదర్శక పొర ఉంటాయి. 8, 10, 12 మి.మీ. మందాల్లో దొరుకుతుంది. పెట్టె మీద కనిపించే ఏసీ3, ఏసీ4, ఏసీ5 అంకెలు అరుగుదలకు ఇచ్చే గ్రేడు మాత్రమే, తేమను ఎంత తట్టుకుంటుందో అవి చెప్పవు. దీన్ని సాండింగ్ చేయడం, పాలిష్ చేయడం కుదరదు. ఎస్‌పీసీ అంటే సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసిన 4 నుంచి 6 మి.మీ. పలక. నీటికి ఉబ్బదు, కానీ అది చెక్క కాదు. ఎండ నేరుగా పడే గాజు తలుపుల దగ్గర వేడికి సాగి లేస్తుంది.

చెక్క కదిలే తీరు

చెక్క చుట్టూ ఉన్న గాలిలోని తేమతో ఎప్పుడూ లెక్క సరిచూసుకుంటూ ఉంటుంది. గాలి పొడిబారితే తన తేమ వదులుతుంది, గాలి చెమ్మగిల్లితే పీల్చుకుంటుంది. ఆ రాకపోకల్లో పొడవు దాదాపు మారదు, మారేదల్లా వెడల్పు. 125 మి.మీ. వెడల్పున్న ఫ్లాట్ సాన్ (దుంగను నిలువునా వరస పలకలుగా కోసిన) టేకు పలకలో తేమ 3 శాతం పెరిగితే వెడల్పు 0.7 మి.మీ. పెరుగుతుంది. వినడానికి ఏమంత కాదు. 4 మీటర్ల గదిలో అలాంటి పలకలు 32 పడతాయి, మొత్తం 22 మి.మీ. తెల్ల ఓక్ అయితే దాదాపు 44 మి.మీ. మన పెద్దలు తలుపులకూ ద్వారబంధాలకూ టేకునే ఎంచుకోవడానికి చెద తట్టుకోవడం ఒక కారణమైతే, ఈ తక్కువ కదలిక రెండోది.

విశాఖలో, కాకినాడలో చెమ్మ ఎక్కువ కాబట్టి చెక్క నేల అక్కడే త్వరగా పాడవుతుందన్న అభిప్రాయం ఉంది. బూజు విషయంలో, పాలిష్ ఆరడం విషయంలో అది సరైనదే. కదలిక విషయంలో మాత్రం హైదరాబాదే కష్టమైన చోటు. సముద్రతీరంలో గాలి ఏడాది పొడవునా చెమ్మగానే ఉంటుంది, చెక్క ఒక స్థాయికి అలవాటుపడుతుంది. దక్కన్ పీఠభూమి మీద రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో మధ్యాహ్నం గాలి తేమ 30 శాతం కిందకు దిగుతుంది, శ్రావణంలో 80 శాతం దాటుతుంది. ఆ గాలికి పూర్తిగా అలవాటుపడే చెక్కలో తేమ 6, 7 శాతం నుంచి 15 శాతం దాకా ఊగుతుంది. పాలిష్ పొర ఈ ఊపును నెమ్మదింపజేస్తుంది, కిటికీలు మూసిన ఇల్లు ఇంకొంచెం తగ్గిస్తుంది. పూర్తిగా ఆపేది మాత్రం ఏదీ లేదు.

అందుకే రోహిణిలో ఎండి బిగుసుకున్న పలకలను గోడ నుంచి గోడకు ఇరికించి పరిస్తే శ్రావణంలో వాటికి పోయే చోటుండదు, పైకి లేస్తాయి. శ్రావణంలో ఉబ్బి ఉన్నప్పుడు పరిస్తే ఎండాకాలంలో సందులు విచ్చుతాయి. గోడల పొడవునా 8 నుంచి 12 మి.మీ. ఖాళీ వదలడం, పలకల పెట్టెలను పరిచే గదిలోనే కొన్ని రోజులు ఉంచడం చాదస్తం కాదు, ఈ లెక్క కోసమే.

దూలాల మీద పలకలు పరిచిన పాత మేడల్లో ఇన్ని సమస్యలు కనబడవు. అక్కడ పలకకు పైనా కిందా గాలి ఆడేది, రెండు ముఖాలూ ఒకేలా తడిసి ఒకేలా ఆరేవి. ఇప్పటి ఫ్లాట్‌లో పలక పైముఖానికి పాలిష్ ఉంటుంది, కింద ఫోమ్, పాలిథీన్, సిమెంటు స్లాబు ఉంటాయి. కిందకు చేరిన నీరు పైకి పోలేదు. అడుగు ఉబ్బుతుంది, పైముఖం అలాగే ఉంటుంది, పలక దొప్పలా వంగుతుంది.

నేలను చదవడం

స్టీలు స్కేలును పలక వెడల్పుకు అడ్డంగా ఆనించి, అవతల టార్చి వేసి చూడాలి. స్కేలు రెండు అంచుల మీద నిలిచి మధ్యలో సన్నటి వెలుగు గీత కనబడితే పలక దొప్ప తేలిందన్నమాట. తేమ కింద ఉంది. స్కేలు మధ్యలో ఆని అంచుల దగ్గర వెలుగు కనబడితే అది వీపులా ఉబ్బింది. ఇలా ఉబ్బడానికి ఎక్కువసార్లు కారణం పాత రిపేరే. దొప్ప తేలిన నేలను తడిగా ఉండగానే రాశారు, లేచిన అంచుల చెక్క పోయింది. తర్వాత అడుగు ఆరి పలక చదునైనప్పుడు అంచులు పల్లమై మధ్య ఎత్తుగా మిగిలింది.

లామినేట్‌లో లక్షణం వేరు. పలక మధ్యలో చదునుగానే ఉండి, జాయింట్ దగ్గర మాత్రమే గట్టు కడుతుంది. హెచ్‌డీఎఫ్‌లోని పీచు ఒత్తిడితో అణిచి ఉంచింది. నీరు తగలగానే ఆ అణుపు విడిపోతుంది, ఆరినా మళ్లీ కుదించుకోదు. సాలిడ్ టేకు వారాల తరబడి ఆరాక చాలావరకు చదునుకు వస్తుంది, ఉబ్బిన లామినేట్ అంచు వెనక్కి రాదు. ఫ్యాన్ పెట్టి ఎదురుచూడటం మొదటిదానికి వైద్యం, రెండోదానికి కాలహరణం.

ఎండాకాలంలో సందులు ఏటికేడు పెరుగుతున్నాయంటే చెక్క ఉబ్బినప్పుడు చోటు లేక అంచుల పీచు నలిగిపోతోందని అర్థం. నలిగిన అంచు ఆరాక మొదటి వెడల్పుకు రాదు. తడుతుంటే బోలుగా మోగే చోట అతుకు జిగురు వదిలింది. ఓక్ మీద నల్లటి మచ్చలు కనబడితే నీరు, ఇనుము, చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం కలిసి వేసిన మరక కావచ్చు, లోతుగా దిగి ఉంటే సాండింగ్‌కు పోదు.

నీళ్లు ఎక్కడివి?

తెలుగు ఇళ్లలో మొదటి అనుమానం తడిబట్ట మీదే. మొజాయిక్ నేలకూ టైల్స్‌కూ అలవాటైన చేయి బకెట్‌లో మాపు ముంచి, సగం పిండి, నేలంతా పారిస్తుంది. పండగకు ఇల్లు కడిగితే ఇక చెప్పనక్కర్లేదు. లామినేట్ జాయింట్లు రోజూ ఇలా తడిస్తే ఒకటి రెండు వానాకాలాల్లోనే గట్లు కడతాయి. చుక్క కారనంతగా పిండిన మైక్రోఫైబర్ బట్ట చాలు. ఆవిరి మాపు ఇంకా ప్రమాదం, అది వేడి తేమను జాయింట్లోకి నెడుతుంది.

తర్వాత వెతకాల్సినవి దాగిన చోట్లు. స్ప్లిట్ ఏసీ డ్రెయిన్ పైపు గోడలోపల మూసుకుపోతే నీరు గోడ వెంట దిగి స్కర్టింగ్ (గోడ అడుగున బిగించే పట్టీ) వెనక చేరుతుంది. బాల్కనీ స్లైడింగ్ తలుపు పట్టాలో నీరు పోయే చిన్న రంధ్రాలు దుమ్ముతో పూడితే వాననీరు లోపలికే తిరుగుతుంది. బాత్రూమ్ గడప దగ్గర టైల్ సందులు, ఆర్‌ఓ ఫిల్టర్ గొట్టం, ఫ్రిజ్ వెనక ట్రే కూడా చూడాలి. నష్టం ఎక్కడ ఎక్కువో ఆ గోడ అవతల ఏముందన్నది తొలి ప్రశ్న. గ్రౌండ్ ఫ్లోర్‌లో గదంతా సమానంగా దొప్ప తేలితే నేలలోంచి పైకి పాకే చెమ్మను అనుమానించాలి.

సరైన రిపేరు చేసేవారు మాయిశ్చర్ మీటర్ లేకుండా రారు. పాడైన చోట, దానికి దూరంగా బాగున్న చోట, కింది స్లాబులో రీడింగులు తీసి పోలుస్తారు. బాగున్న పలకకూ పాడైనదానికీ ఉన్న తేడాయే ఎంత ఆరాలో చెబుతుంది. మీటర్‌లోని అంకె చెక్క జాతిని బట్టి మారుతుంది కాబట్టి ఒక్క అంకెను చూసి తీర్పు ఇవ్వకూడదు. సిమెంటు నేలకు ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. అడుగున్నర చదరపు పాలిథీన్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు వదిలేయాలి. లోపల చెమట పట్టినా, సిమెంటు రంగు ముదిరినా పలకలు వేయడానికి సమయం రాలేదు. చెమట పట్టకపోతే స్లాబు పూర్తిగా ఆరిందని మాత్రం ఈ పరీక్ష హామీ ఇవ్వదు. దానికి స్లాబులో రంధ్రం చేసి ప్రోబ్ పెట్టి కొలవాలి. ఆ కొలతలో సాపేక్ష తేమ 75 శాతం లోపు ఉండాలన్నది చాలా కంపెనీల షరతు.

రిపేరు ఎలా జరుగుతుంది

లీకు ఆపాక ఆరబెట్టడమే మొదటి మెట్టు. స్కర్టింగ్ తీసి, అవసరమైతే గోడ వార ఒక వరస పలకలు ఎత్తి, డీహ్యూమిడిఫైయర్ (గాలిలోని తేమను లాగే యంత్రం) పెడతారు. సాలిడ్ చెక్క ఆరడానికి వారాలు పడుతుంది. రెండు వరస కొలతల మధ్య, వారం తేడాలో, అంకె మారకపోతే ఆరినట్టు. హీటర్లు పెట్టి తొందర చేస్తే పైముఖం ముందు ఎండి నెర్రెలిస్తుంది.

లామినేట్‌లో రెండు మూడు పలకలు పాడైతే, అవి గోడకు దగ్గరగా ఉంటే, గోడ వైపు నుంచి ఒక్కో వరస విప్పుకుంటూ వచ్చి మారుస్తారు. పాడైన పలకకు, విప్పే వరసలకు నంబర్లు రాసుకోవడం మంచి పనివాడి లక్షణం. గది నడుమ అయితే కోసి తీయాలి. ఇక్కడ వచ్చే చిక్కు సరుకుది. పలకలు ఒకదానిలో ఒకటి బిగిసే క్లిక్ లాక్ ఆకారం ఒక్కో కంపెనీది వేరు, నాలుగేళ్ల కిందటి డిజైన్ మార్కెట్లో ఉండదు. కొన్నప్పుడే ఒక పెట్టె అదనంగా తీసి అటక మీద పడేసినవారికి ఈ రిపేరు ఒక పూట పని. లేనివారు మంచం కిందనో బీరువా కిందనో ఉన్న పలకను ముందుకు తెచ్చి, అక్కడ వేరే పలక వేయించుకుంటారు. ఇది మంచి ఉపాయమే.

అతికించిన సాలిడ్ లేదా ఇంజినీర్డ్ పలక ఒక్కటి మార్చడం చూడదగ్గ పనితనం. సర్క్యులర్ సా లోతును పలక మందానికి సరిగ్గా సెట్ చేస్తారు, ఒక మి.మీ. ఎక్కువ దిగినా స్లాబు తగిలి బ్లేడు పోతుంది. పలక పొడవునా, అంచులకు అంగుళం లోపల రెండు గీతలు కోస్తారు. చివర్లలో మెషిన్ వెళ్లని చోట ఉలి. మొదట మధ్య ముక్క, తర్వాత పక్క ముక్కలను లోపలికి లాగి తీస్తారు. బయటికి ఎగదీస్తే పక్క పలక అంచు విరుగుతుంది. పాత జిగురు గీకి, కొత్త పలక గాడి కింది పెదవిని కోసేసి, నాలుకను పక్క పలక గాడిలోకి దూర్చి, రెండో అంచును పైనుంచి కిందికి దింపుతారు. జిగురు ఆరేదాకా, కనీసం ఒక రోజు, బరువులు పెట్టి ఉంచాలి. కొత్త చెక్క రంగు వెంటనే కలవదు. టేకు వెలుతురు తగిలేకొద్దీ మారుతుంది కాబట్టి కొన్ని నెలలు గడువివ్వాలి.

పైన గీతలు మాత్రమే ఉండి, పాలిష్ పొర చెక్కదాకా పోకపోతే పూర్తి సాండింగ్ అవసరం లేదు. 150 నంబరు జాలీ పేపర్‌తో పైపొరను గరుకు చేసి ఒక కోటు వేస్తే చాలు. దీనికి ఒక షరతు ఉంది. ఇంతకుముందు మైనం పాలిష్, సిలికాన్ కలిసిన మెరుపు ద్రవాలు వాడి ఉంటే కొత్త కోటు పట్టదు, చేప కళ్లలా గుంటలు పడుతుంది లేదా పొరగా లేస్తుంది. మంచం కింద మూరెడు జాగాలో వేసి, ఆరాక టేపు అంటించి లాగి చూడటం ఈ పనిలో తప్పనిసరి.

పూర్తి సాండింగ్‌లో 40 నంబరు పేపర్‌తో (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) మొదలుపెట్టి 60, 80, చివర 100 లేదా 120 వాడతారు. నంబర్లు ఎగ్గొడితే 40 వేసిన లోతు గీతలను 100 చెరపలేదు, పాలిష్ పడ్డాక అవి కళ్లకు కొట్టినట్టు కనబడతాయి. డ్రమ్ మెషిన్ తిరుగుతూ ఒకచోట క్షణం ఆగినా చంద్రవంకలాంటి గుంట పడుతుంది. మెషిన్ నడుస్తుండగానే దించాలి, నడుస్తుండగానే ఎత్తాలి. సన్న సందులను, 80 నంబరుతో రాసినప్పుడు వచ్చిన ఆ చెక్క పిండినే బైండర్ అనే జిగురు ద్రవంలో కలిపి పూడుస్తారు. ఎండాకాలంలో విచ్చుకుని వానల్లో మూసుకునే సందులను మాత్రం పూడ్చకూడదు. శ్రావణంలో ఆ పుట్టీ నలిగి బయటికొస్తుంది.

కోటింగ్ లెక్క సులువే. నీటి ఆధారిత పీయూ (పాలియురేథేన్) పాలిష్ లీటరుకు సుమారు 10 చ.మీ. వస్తుంది. 12 అడుగులు 15 అడుగుల గది 16.7 చ.మీ., మూడు కోట్లకు 5 లీటర్లు. రెండు లీటర్ల డబ్బాతో ఆ గది పూర్తయిందంటే మూడు కోట్లు పడలేదు. కోటుకు కోటుకు మధ్య కొన్ని గంటల విరామం, సన్నటి పేపర్ రుద్దుడు ఉంటాయి. ముసురు పట్టిన రోజు నీరు ఆవిరి కాక పాలిష్ జిడ్డుగా ఉండిపోతుంది, గదిలో ఏసీని డ్రై మోడ్‌లో పెట్టడం కొంత మేలు. నూనె రకం ఫినిష్ వాడితే ఆ గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆరే నూనె తనంతట తానే వేడెక్కి గుడ్డలకు మంట అంటుకోవచ్చు. నీళ్ల బకెట్‌లో ముంచి బయటికి పంపాలి.

చెద, పుచ్చు

సన్నటి మట్టి గొట్టాలు స్కర్టింగ్ వెనక కనబడితే చెద. పలక మీద గుండుసూది బెజ్జాలు, పక్కన పిండి కుప్పలు ఉంటే పుచ్చు పురుగు. టేకు చేవను చెద త్వరగా ముట్టదు, కానీ చేవ చుట్టూ ఉండే తెల్లటి భాగానికీ ప్లై అడుగుకూ ఆ రక్షణ లేదు. కట్టిన ఇళ్లలో చెద నివారణకు ఐఎస్ 6313 మూడో భాగం ఉంది. ఆ ప్రమాణం ప్రకారం మందు చేశాకే పలకలు మార్చాలి. ముందు మార్చి తర్వాత రంధ్రాలు చేయించడం రెండింతల ఖర్చు.

అమెరికా ఇళ్లలో లెక్క తిరగబడుతుంది

అక్కడి పాత ఇళ్లలో మూడు పావుల అంగుళం మందం, రెండుంపావు అంగుళాల వెడల్పు ఉన్న ఎర్ర ఓక్ పట్టీలను చెక్క అడుగు మీద మేకులతో బిగిస్తారు. చలికాలంలో హీటర్ గాలి ఎండబెట్టడంతో సందులు విచ్చుకుంటాయి, వేసవిలో మూసుకుంటాయి. ఇండియాలో రోహిణి చేసే పని అక్కడ జనవరి చేస్తుంది. ఇంట్లో తేమను 30 నుంచి 50 శాతం మధ్య ఉంచమని నేషనల్ వుడ్ ఫ్లోరింగ్ అసోసియేషన్ సూచిస్తుంది. అక్కడ ఇల్లు కొనే తెలుగువారు గమనించాల్సింది ఇంకొకటుంది. ఫ్యాక్టరీలోనే ఫినిష్ చేసిన పలకల మీది అల్యూమినియం ఆక్సైడ్ పొర చాలా గట్టిది, పలకల అంచులకు ఏటవాలు చెక్కుడు కూడా ఉంటుంది. మొదటి సాండింగ్‌కు పేపర్, సమయం ఎక్కువ పడతాయి, కొటేషన్ కూడా అలాగే పెరుగుతుంది.

కొటేషన్‌లో ఏం రాయించుకోవాలి

చదరపు అడుగు రేటు ఒక్కటే రాసిన కాగితంతో పని మొదలుపెట్టకూడదు. ఏ రోజు ఏ చోట తేమ ఎంత వచ్చిందో, పైపొర ఎన్ని మి.మీ. ఉందో, సాండింగ్ ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా వెళ్తుందో, కోటింగ్ కంపెనీ, రకం, ఎన్ని కోట్లు, ఎన్ని లీటర్లో ఉండాలి. స్కర్టింగ్ తీసి బిగించడం, తలుపుల అడుగు కోత, సామాను జరపడం ఎవరి పనో కూడా అందులోనే రాయాలి. మీటర్ పెట్టకుండా అదేరోజు సాండింగ్ మొదలుపెడతామనే వారిని ఆపడం మేలు.

తొందర లేని పని అయితే హైదరాబాద్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోవాలి. అప్పుడు చెక్క పూర్తిగా ఉబ్బీ ఉండదు, పూర్తిగా ఎండీ ఉండదు. చివరి కోటు పడిన మర్నాడు వట్టి కాళ్లతో నడవొచ్చు. బరువైన సామానును కాళ్లకు ఫెల్ట్ ముక్కలు అంటించి రెండు మూడు రోజుల తర్వాత ఎత్తి పెట్టాలి, ఈడ్చకూడదు. తివాచీ మాత్రం రెండు వారాల దాకా పరచవద్దు. ఆలోపు పరిస్తే గాలి ఆడక దాని కింద పాలిష్ మెత్తగా మిగిలి, తీసినప్పుడు నేత అచ్చు నేల మీద పడుతుంది.